చుక్క పెట్టిన తుమ్ములు

నా చిన్నప్పుడు గడిచిన రోజుల్లో తేదీ, వేళ, ఆకాశం తీరు మూడూ తప్పు లేకుండా చెప్పగలిగిన రోజు నాకు ఒక్కటే ఉంది. అది 1956 నవంబరు 19, సోమవారం. వేళ ఉదయం పదీ నలభై. తొమ్మిదిన్నర దాకా కొరాపుట్ కొండల మీద కదలకుండా కూర్చున్న పొగమంచు అప్పటికి విడిపోయి, వేడి లేని పలచని ఎండ కాస్తోంది. ఈశాన్యపు గాలి కొద్దిగా వీస్తోంది. ఆస్పత్రిలో డాక్టరుగారి గది గోడకు వేలాడుతున్న పాదరసపు గొట్టం అరవై ఒక్క ఫారన్‌హీటు డిగ్రీలు చూపిస్తోంది. నాకు తొమ్మిదేళ్ళ రెండు నెలలు. అంకె ఎక్కడ కనిపిస్తే అక్కడ చదవడం అప్పటికే నాకు అలవాటు. ఆ అలవాటు చేసిన మనిషి నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. ఆమె మా చిన్నత్త, మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. వయసు ఇరవై.

మేముండేది రాయగడలో. మా తాతయ్య జమీ కచేరీలో నకళ్ళు రాసే గుమాస్తాగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశారు. జమీ పోయాక ఆయన బల్ల, కలం, ఎర్రగుడ్డల్లో కట్టిన పద్ధెనిమిది దస్తరాలు మా ఇంటికి వచ్చేశాయి. ఎవరికీ అక్కర్లేని కాగితాలైనా ఆయన వాటిని పారవేయనిచ్చేవారు కాదు. రోజుకొక దస్తరం విప్పి, దులిపి, ఎండబెట్టి, మళ్ళీ కట్టేవారు. నకలు రాయడంలో ఆయనకు ఒకే నియమం: అసలులో ఉన్నది ఏదీ నకలులో తప్పకూడదు, లేనిది చేరకూడదు. అసలు మీద ఈగ వాలి మచ్చ పడితే అది ఈగ మచ్చో, అక్షరమో తేల్చవలసింది అధికారి గాని గుమాస్తా కాదు కనుక, ఆ మచ్చను కూడా దించవలసిందే అనేవారు. చేతిరాత బాగుంటుందని చిన్నత్తకు ఆయన ఈ విద్య పదమూడో ఏటి నుంచే నేర్పారు. ఈ నియమాన్ని ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

మా ఇంట్లో ముక్కుకు సంబంధించిన ప్రతి బాధకూ ఒకే పేరు, రొంప. నీళ్ళు కారినా రొంపే, దిబ్బడ వేసినా రొంపే, తల పగిలిపోతున్నా రొంపే. అందరిలోకీ రొంప మనిషినని పేరు పడ్డది నేను. తాతయ్య దస్తరం విప్పితే చాలు, ముక్కులో చీమలు పాకినట్టు దురద మొదలై, కళ్ళు ఎర్రబడి, వరసగా తుమ్ములు వచ్చేవి. తుమ్ములు నన్ను బాధపెట్టిన దానికన్నా ఇంటిని ఎక్కువ బాధపెట్టాయి. ఎవరైనా గడప దాటబోతుండగా తుమ్ము వినబడితే మా మామ్మ వాళ్ళను వెనక్కి పిలిచేది. బేసి తుమ్ము పనికి అడ్డు, సరి తుమ్ము పనికి తోడు అని ఆమె లెక్క. నా ధర్మమా అని మా ఇంట్లో ఎవరూ మొదటిసారికే బయటికి పోయింది లేదు. తాతయ్య చెప్పులు వేసుకునేవారు, నేను తుమ్మేదాన్ని, ఆయన చెప్పులు విడిచి కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగేవారు, లేచేవారు, నేను మళ్ళీ తుమ్మేదాన్ని. ఒకనాడు అలా మూడుసార్లు కూర్చుని విజయనగరం పోయే రైలు అందుకోలేకపోయారు.

“ఒలమ్మీ, ఒకటి తుమ్మి ఊరుకుంటావేటే? ఇంకోటి తుమ్మీ! ముసలాయన్ని గుమ్మంలోనే కాపరం పెట్టించీసేవు” అని మామ్మ ఆ రోజు నా నెత్తి మీద మొట్టింది. అప్పటి నుంచి, తుమ్ములు బేసి దగ్గర ఆగితే నేనే ఒకటి తెచ్చిపెట్టుకుని కలపడం నేర్చుకున్నాను. కళ్ళు మూసి, భుజాలు ఎత్తి, “హాఛ్” అంటే సరిపోయేది. తాతయ్య నిశ్చింతగా గడప దాటేవారు. చిన్నత్త మాత్రం వంటగదిలోంచి నవ్వి, “అది దొంగ తుమ్మే, అమ్మీ. మామ్మకి సెల్లుతాది గాని నాకు సెల్లదు” అనేది. దొంగ తుమ్ము అనే మాట ఆమెదే.

ఆ ఏడు మా ప్రాంతపు బడుల కోసం తెలుగు, ఒడియా రెండూ వచ్చిన పంతులమ్మలను తయారుచేసే శిక్షణ తరగతి ఒకటి కొరాపుట్‌లో మొదలవుతుందన్నారు. చిన్నత్త పరీక్షలో నెగ్గింది. ఇక కావలసింది డాక్టరు సంతకం ఒక్కటే. హాస్టల్లో పదిమందితో కలిసి ఉండాలి కనుక, అంటుకునేదో మాననిదో జబ్బు ఏదీ లేదని ఆయన రాసి ఇవ్వాలి. అక్టోబరు 8న తాతయ్య ఆమెను కొరాపుట్ తీసుకువెళ్ళారు. మర్నాడు తిరిగి వచ్చారు. సంతకం పడలేదని, నలభై రోజులయ్యాక మళ్ళీ రమ్మన్నారని మాత్రం మాకు తెలిసింది. ఎందుకని అడిగితే, “ఏదో రొంపంట” అన్నారు తాతయ్య. రొంప అన్నాక మా ఇంట్లో ఇక ప్రశ్న ఉండదు.

అక్టోబరు 10, బుధవారం మధ్యాహ్నం చిన్నత్త నన్ను దొడ్డి వైపు అరుగు మీదికి పిలిచి ఒక కొత్త నోటుపుస్తకం ఇచ్చింది. ఇంట్లో నాకంటూ కొత్తది ఏదైనా వచ్చిన సందర్భాలు తక్కువ కనుక ఆ అట్ట నీలంరంగు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది. నా రొంప సంగతి నలభై రోజులు రోజూ రాయాలని, ఒక్క రోజు కూడా తప్పకూడదని చెప్పింది. అలా రాస్తే, తాను రెండోసారి కొరాపుట్ వెళ్ళేటప్పుడు నన్నూ తీసుకెళ్ళి, తన సంతకం అయిపోయాక నా పుస్తకం డాక్టరుగారికి చూపించి, నా ముక్కుకు మందు అడుగుతానని మాట ఇచ్చింది. తెలుగులో రాయనా అని అడిగాను. “వొద్దు, ఒడియాలో రాయి. అంకెలూ ఒడియావే వెయ్యి. బడిలో నీకే అక్కరకొస్తాది” అంది. నా చదువు మీద ఆమెకున్న శ్రద్ధకు నేను పొంగిపోయాను.

ఏం రాయాలో కూడా ఆమే చెప్పింది. గదులు గీసి ఐదు ప్రశ్నలు రాయించింది. ఎన్ని తుమ్ములు, ఎన్ని విడతలు. ముక్కులోంచి వచ్చేది నీళ్ళలా ఉందా, గంజిలా చిక్కగా ఉందా, పసుపు పచ్చగా ఉందా. రెండు ముక్కులూ ఒకలాగే ఉన్నాయా, ఒక వైపే బరువా. ముగ్గు పెట్టడానికి వంగితే కంటి కింద, చెంప ఎముకలో నొప్పి పుడుతుందా. ఒళ్ళు వెచ్చబడిందా, లేక దురద మాత్రమేనా. తొమ్మిదేళ్ళ పిల్లకు రొంపను ఐదు ముక్కలు చేసి చూపించవచ్చునని ఎవరూ అంతవరకు చెప్పలేదు. ఒకే మాటతో పిలిచే దానిలో ఇన్ని వేరువేరు సంగతులు ఉంటాయని తెలిసిన ఆ మధ్యాహ్నం నాకు లోకం కొంచెం పెద్దదైంది. ఈ మేలును నేను కాదనను. కాదంటే లెక్క తప్పుతుంది.

రాయడం మొదలుపెట్టిన రోజే ఒక చిక్కు వచ్చింది. దొంగ తుమ్ములను ఏం చేయాలి? రాయకపోతే, తుమ్మినట్టు ఇంటిల్లిపాదీ విన్నదాన్ని దాచినట్టవుతుంది. రాస్తే, రానిదాన్ని వచ్చినట్టు రాసినట్టవుతుంది. చాలాసేపు ఆలోచించి, కలిపిన తుమ్మును లెక్కలో వేసి ఆ అంకె పక్కన చిన్న చుక్క పెట్టాలని నిర్ణయించుకున్నాను. మొదటి రోజు నాలుగు విడతలు: రెండు చుక్క, ఆరు, నాలుగు చుక్క, రెండు చుక్క. ఆ చుక్క అర్థం నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

రోజులు గడిచేకొద్దీ పుస్తకం మాట్లాడటం మొదలుపెట్టింది. రంగు గదిలో నలభై రోజులూ ఒకే మాట, నీళ్ళు. ఒక వైపు బరువు గదిలో అన్నీ సున్నలే. జ్వరం సున్న. దురద గదిలో రోజూ అవుననే. దసరాకు తాతయ్య దస్తరాలన్నీ ఒకేసారి దులిపిన రోజున నలభై ఆరు తుమ్ములు వచ్చాయి. మా అమ్మతో కలిసి గుణుపురం దగ్గర ఆమె పుట్టింటి పొలాల్లో మూడు రోజులు ఉన్నప్పుడు మొత్తం కలిపి నాలుగు. నా రొంప నాలో లేదని, ఎర్రగుడ్డల్లో ఉందని నాకే తోచసాగింది. నేను ఇంట్లో ఉన్న ప్రతి సాయంత్రం చిన్నత్త ఆ పుస్తకం తీసుకుని ఆనాటి వరస చూసేది. “సరిగ్గా రాసేవే. మా నాన్న మనవరాలివి అనిపించేవు” అనేది. పుస్తకం రాత్రికి ఆమె పెట్టెలో ఉండి, పొద్దున్నే నా చేతికి వచ్చేది.

నేను రాయనివి కొన్ని ఉన్నాయి. ఆ నలభై రోజుల్లో వాకిట్లో ముగ్గు ఒక్కసారి కూడా చిన్నత్త పెట్టలేదు. “నువ్వు పెట్టవే, నీ సెయ్యి బాగుంటాది” అని నాచేత పెట్టించింది. పప్పు రెండుసార్లు అడుగంటి మాడినా, పొయ్యి ముందే కూర్చుని ఉన్న ఆమెకు వాసన తెలియలేదు. మామ్మ వీధి గదిలోంచి పరుగెత్తుకు వచ్చి దింపింది. అటుకులు నమిలేటప్పుడు ఎడమ వైపే నమిలేది. పడుకునేటప్పుడు రెండు తలగడలు వేసుకునేది. ఆమె చేతిగుడ్డలు ఆమే వేడినీళ్ళలో ఉతుక్కుని, ఎవరి కంటా పడకుండా గోడ వెనక ఆరవేసుకునేది. ఆమె తుమ్మేది కాదు. తుమ్మని మనిషికి రొంప ఉన్నట్టు మా ఇంట్లో ఎవరికి తడుతుంది? నేను నన్నే లెక్కపెట్టుకున్నాను గాని, నాకు లెక్క నేర్పుతూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారైనా లెక్కపెట్టలేదు.

నవంబరు 18, ఆదివారం నాడు బస్సులో కొరాపుట్ చేరాం. తాతయ్య పాత స్నేహితుడి ఇంట్లో దిగాం. దారంతా దుమ్మే కనుక ఆ రోజు లెక్క ఇరవై రెండు. సోమవారం పొద్దున్న కాఫీ తాగుతూ చిన్నత్త, “ఏదీ, నిన్నటిది సూపించు” అంది. చూపించాను. లోపలి గదిలోకి తీసుకువెళ్ళి పావుగంటలో తెచ్చి ఇచ్చింది. తరువాత ఆస్పత్రికి వెళ్ళాం. తాతయ్య వరండా బల్ల మీద కూర్చున్నారు. గదిలోకి నేను, చిన్నత్త వెళ్ళాం. నా పుస్తకం నా ఒడిలో ఉంది. ముందు ఆమె సంతకం, తరువాత నా మందు. అదీ మా ఒప్పందం.

డాక్టరుగారు ఒడియావారు. తెలుగు అర్థమయ్యేది, మాట్లాడితే సగం ఒడియా కలిసేది. చిన్నత్త తన సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. దానికి గోధుమరంగు అట్ట వేసి ఉంది, మీద ఆమె పేరు ఉంది. బడికి సంబంధించిన కాగితాలేమో అనుకున్నాను. ఆయన ఒక్కొక్క పుట తిప్పుతూ తల ఊపారు. “ఎతే భల హిసాబ్! నా కాంపౌండరు కూడా ఇంత బాగా రాయడు” అని నవ్వారు. అంతా దుమ్ము వల్ల వచ్చేదేనని, ఎలర్జీ అంటారని, అంటుకునేది కాదని, హాస్టలుకు అడ్డు లేదని అన్నారు. సంతకం పెట్టవలసిన పెద్ద రిజిస్టరు బీరువాలోంచి తీసి బల్ల మీద వేశారు. దానిలోంచి దుమ్ము లేచింది.

నేను తుమ్మాను. ఒక్కటే. అక్కడితో ఆగింది.

ఆయన కలం సిరాలో ముంచి ఉంది. చిన్నత్త భుజం బిగుసుకోవడం నాకు తెలిసింది. ఆమె బతుకంతా మార్చబోయే సంతకం ముందు బేసి తుమ్ము తుమ్మింది నేను. ఆ క్షణంలో నేను ఆలోచించింది ఆమె గురించే. ఆమె పని చెడకూడదని, కళ్ళు మూసి, భుజాలు ఎత్తి, రెండోది కలిపాను. ఈ ఒక్క సంగతి చదివేవారు మనసులో పెట్టుకోవాలని నా కోరిక. రెండో తుమ్ము నేను ఆమె కోసమే తుమ్మాను.

డాక్టరుగారి కలం ఆగింది. ఆయన నా వైపు చూసి నవ్వారు. “మొదటిది వచ్చింది. రెండోది నువ్వు చేశావు, మా. ఎందుకు?” అన్నారు. అక్కడ ఆడపిల్లను మా అని పిలవడం ముద్దు. నేను సిగ్గుపడి తల వంచుకున్నాను. ఆయన మళ్ళీ పుస్తకం వైపు చూశారు. పుట తిప్పారు. ఇంకో పుట తిప్పారు. అన్నీ సరి అంకెలే. వేలు ఒక చోట ఆపి చిన్నత్తను అడిగారు: “ఎ బిందు కొణొ? ఈ చుక్క ఏమిటి?”

చిన్నత్త ఆ పుట చూసింది. “సిరా సిందిందండి” అంది.

“సిరా ఇన్నిసార్లా? అంకె పక్కనే, ఒకే సైజులో?” అని ఆయన పుస్తకం మా వైపు తిప్పారు.

నేను చూశాను. రెండు చుక్క, ఆరు, నాలుగు చుక్క, రెండు చుక్క. బడిలో ఎవరికీ రాని ప్రశ్నకు నాకు జవాబు వచ్చినప్పుడు కలిగే సంతోషం ఒకటి ఉంటుంది. అదే కలిగింది. ఆ చుక్కలు ఆమె పుస్తకంలోకి ఎలా వచ్చాయన్న ఆలోచన ఇంకా రానేలేదు. “దొంగ తుమ్ములండీ! బేసి వస్తే ఒకటి కలుపుతానండి. కలిపినదానికి చుక్క పెడతాను” అని గట్టిగా చెప్పేశాను.

“నువ్వా?” అన్నారాయన.

నా ఒడిలోని నీలం పుస్తకం ఎత్తి చూపించాను. ఆయన చెయ్యి చాపి తీసుకుని, రెండింటినీ పక్కపక్కన పెట్టారు. ఎడమ వైపు నా వంకర అక్షరాలు, కుడి వైపు చిన్నత్త ముత్యాల అక్షరాలు. అంకెకు అంకె, చుక్కకు చుక్క. మా తాతయ్య నేర్పిన విద్య ఎక్కడా తప్పలేదు. చుక్క ఏమిటో తెలియకపోయినా, తెలియదు కనుకనే, ఆమె దించింది. మా ఇంటి మనిషి గాక ఇంకెవరైనా అయి ఉంటే వాటిని వదిలివేసేవారు, సంతకం పడిపోయేది.

అప్పుడు నేను చిన్నత్త ముఖం చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, కిటికీని చూస్తోంది. డాక్టరుగారు నలభై రోజుల లెక్క రాసి తెమ్మన్నది ఆమెను. ఒడియాలో ఎందుకు రాయమందో, పుస్తకం రాత్రిళ్ళు ఆమె పెట్టెలో ఎందుకు ఉండేదో, ఆ పొద్దున్న పావుగంట లోపలి గదిలో ఏం జరిగిందో అన్నీ ఒక వరసలో పడ్డాయి. నలభై రోజుల పాటు మా ఇద్దరిదీ అనుకున్నది ఆమె ఒక్కదానిదే. కొరాపుట్‌కు నన్ను తెచ్చింది నా ముక్కు కోసం కాదు. మాట తప్పకుండా తెచ్చాననిపించుకోవడానికి, లేదా ఇంటి దగ్గర వదిలితే నేను ఏడ్చి గోల చేస్తానని. ఈ రెండింటిలో ఏదో నేటికీ నాకు తెలియదు.

డాక్టరుగారు కేకలు వేయలేదు. తన పెన్సిలు నేల మీద పడవేసి చిన్నత్తను తీయమన్నారు. ఆమె వంగింది. వంగుతూనే కుడి చెయ్యి కుడి చెంప మీదికి పోయింది, నోట్లోంచి చిన్న మూలుగు వచ్చింది. ఆయన లేచి వచ్చి ఆమె చెంప ఎముక మీద వేలితో తట్టారు. కుడి వైపు తట్టగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పై దవడ పన్ను నొప్పి ఉందా అంటే ఉందంది. చేతిగుడ్డ చూపించమన్నారు. ఆమె చాలాసేపు తీయలేదు. తీశాక ఆయన దాన్ని మూసి పక్కన పెట్టి, ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. శ్రావణమాసం నుంచి అంది. రాయగడలో ఒక డాక్టరు అప్పుడే చూసి, ఇది మామూలు రొంప కాదని, ముఖం ఎముకల లోపలి గుల్లల్లో చీము చేరిందని, సూది వేసి కడగాలని చెప్పాడట. ఏది దుమ్ము రొంపో, ఏది చీము రొంపో ఆ ఐదు ప్రశ్నలూ ఆమెకు అక్కడే తెలిశాయి. నాకు నేర్పినవి అవే.

ఆయన అప్పుడు చెప్పినదాన్ని నాకు గుర్తున్నంతవరకు రాస్తాను. దురద పెట్టి, కళ్ళు ఎర్రబడి, వరస తుమ్ములతో, నీళ్ళలా రెండు వైపులా కారుతూ, ఒక చోట ఎక్కువై ఒక చోట తగ్గేది దుమ్ముకో పుప్పొడికో ఒంటికి పడకపోవడం. చిక్కగా, పచ్చగా, దుర్వాసనతో, చాలా మటుకు ఒక వైపే వస్తూ, వంగితే బరువెక్కి, పై పళ్ళు లాగి, వాసన తెలియకుండా పోయి, పది రోజులు దాటినా తగ్గనిది లోపల పుట్టిన జబ్బు. రంగు ఒక్కటే చూసి తేల్చకూడదని, మొదటిది చాలాకాలం ఉంటే రెండోదానికి దారి తీయవచ్చునని కూడా అన్నారు. కన్ను వాచే దాకా దాచి ఉంటే చూపుకే ముప్పు వచ్చేదని చిన్నత్తతో నెమ్మదిగా చెప్పారు. సంతకం పెట్టకుండానే ఆ రిజిస్టరు మూసేశారు. తరువాత నా నీలం పుస్తకం ఆఖరి పుటలో ఒడియాలో రెండు వరసలు రాశారు: ఇది దుమ్ము వల్ల వచ్చింది, పాత కాగితాలున్న గదిలో పడుకోబెట్టవద్దు. కింద సంతకం పెట్టారు. ఆ రోజు ఆయన సంతకం పడింది ఆ ఒక్క చోటే.

వరండాలో తాతయ్యకు సంగతి తెలిసింది. ఆయన రెండు పుస్తకాలూ రెండు మోకాళ్ళ మీద పెట్టుకుని, రెండు వేళ్ళతో వరస వెంట వరస మొదటి నుంచి చివరి దాకా సరిచూశారు. ఆయన ఏదైనా అంటారని నేను చూశాను. ఏదో ఒకటి అనాలని నా కోరిక. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, “నకలులో తప్పు లేదు” అన్నారు. అంతే.

చిన్నత్త బల్ల చివర కూర్చుని ఉంది. కొంతసేపటికి నా వైపు తిరిగింది.

“సిరా అని ఊరుకుంటే నీ సొమ్మేటి పోయేదే, అమ్మీ?”

“నా పుస్తకం సూపిస్తానన్నావు.”

“సూపించేను కదే.”

అక్షరాలా చూస్తే ఆమె చెప్పింది నిజమే. అక్షరాలా నిజమైనది ఇంత అబద్ధంగా ఉండవచ్చునని నాకు తెలిసింది ఆ బల్ల మీదే.

ఆమెను పదహారు రోజులు ఆస్పత్రిలో ఉంచుకున్నారు. మామ్మ వెళ్ళి తోడు ఉంది. ముక్కు పక్క ఎముకలో సూది దింపి ఐదుసార్లు కడిగారు, పెన్సిలిన్ సూదిమందు ఇచ్చారు. ఆ ఏటి తరగతిలో ఆమె చోటు ఇంకొకరికి పోయింది. డిసెంబరు 5న ఇంటికి వచ్చింది. ముఖం తేటపడి ఉంది. వంటగదిలోకి వెళ్ళి, “ఇంగువ ఎక్కువైపోయిందేటి?” అంది. వాసన తిరిగి వచ్చిందని ఇంట్లో అందరూ సంతోషించారు. మర్నాడు పొద్దున్న వాకిట్లో వంగి పెద్ద ముగ్గు పెట్టింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. తల ఎత్తకుండానే, “తుమ్ములు తగ్గేయేటే?” అని అడిగింది. “లెక్కపెట్టడం మానీసేను” అన్నాను. ఆమె మళ్ళీ ముగ్గుపిండి తీసుకుని ఇంకో గీత లాగింది. ఆ తరువాత మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఎన్నడూ రాలేదు.

మరుసటి ఏడు ఆమె శిక్షణలో చేరింది. చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది, మంచి పంతులమ్మ అనిపించుకుంది. ఆమె బడిలో ముక్కు కారే పిల్లలను బయట కూర్చోబెట్టేది కాదని, ముందు ఆ ఐదు ప్రశ్నలూ అడిగి, దుమ్ము పడనివాళ్ళను కిటికీ పక్కకు మార్చి, మిగిలినవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపేదని విన్నాను. నా చుక్కలే ఆమె చూపు కాపాడాయని మా వాళ్ళందరూ అనేవారు. చివర మంచే జరిగింది కదా అనేవారు. ఆ కూడిక నేను ఒప్పుకోను. ఆమెకు నయం కావడం ఒక పద్దు. నా పుస్తకాన్ని నాకు తెలియకుండా ఆమె తనదిగా చూపించడం ఇంకొక పద్దు. ఒకటి రాశామని ఇంకొకటి కొట్టివేయలేం. ఆమె భయం నాకు ఇప్పుడు అర్థమవుతుంది. చోటు పోతే మళ్ళీ వస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాని ఆమె అడిగి ఉంటే నేను ఇచ్చేదాన్నేమో. అడగలేదు. జీవితాంతం క్షమించమని కూడా అడగలేదు. ఆమె బతికినన్నాళ్ళూ నేను ఎదురుచూశాను.

ఆమె పోయాక ఆమె పెట్టెలో గోధుమరంగు అట్ట వేసిన నకలు దొరికిందని తెచ్చి నాకిచ్చారు. ఎక్కడైనా నా కోసం ఒక్క మాట రాసి ఉంటుందేమోనని పుట పుటా, అట్ట మడతలు విప్పి మరీ వెతికాను. లేదు. అయినా పారవేయకుండా దాచుకుందన్నది కూడా రాయవలసిన సంగతే కనుక రాస్తున్నాను.

ఆ రోజు నుంచి నా వెంట మిగిలినవి రెండు. ఎవరు ఏ లెక్క తెచ్చినా, అంకె చూడకముందు అది ఎవరు లెక్కపెట్టారని అడుగుతాను. రెండోది, నేను దొంగ తుమ్ము మళ్ళీ తుమ్మలేదు. ఎవరు గడప దాటుతున్నా, బేసి దగ్గర ఆగితే అక్కడే ఆగనిస్తాను. మనవలు “అమ్మమ్మా, ఇంకోటి!” అని ఏడిపిస్తారు. నవ్వి ఊరుకుంటాను.

ఆ పుస్తకంలోని లెక్కలకు మొత్తం నేను ఎన్నడూ వేయలేదు. నలభై పుటల కింద గీత గీసి కూడిక వేయవలసిన చోటు అరవై తొమ్మిదేళ్ళుగా ఖాళీగానే ఉంది. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, రెండుసార్లు పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి కూడిక వేశాను. మొత్తం తుమ్ములు ఆరువందల ముప్పై ఎనిమిది. చుక్క పెట్టినవి నూట డెబ్బై ఒకటి. అవి తీసివేస్తే నిజమైనవి నాలుగువందల అరవై ఏడు. అన్నీ నావే. మా చిన్నత్తది ఒక్కటీ లేదు.